విటమిన్ డి 11, పైగా పీసీఓఎస్: డి పెరిగితే ఇన్సులిన్ దారికొస్తుందా?

తెల్లకాగితం:

నాకు 29 ఏళ్లు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాక పీరియడ్స్ గతి తప్పే సమస్య) అని కాలేజీ రోజుల్లోనే తేల్చారు. పీరియడ్స్ నెలన్నరకి వస్తే గొప్ప, వచ్చినప్పుడు మాత్రం బ్లీడింగ్ బాగా ఎక్కువ. గడ్డం మీద వెంట్రుకలు, మెడ వెనక నలుపు ఉన్నాయి. బీఎంఐ 31. ఈమధ్య నడుము, తొడలు ఒకటే నొప్పి. కింద కూర్చుంటే లేవడం కష్టంగా ఉందని చెబితే డాక్టర్ గారు టెస్టులు రాశారు. వచ్చినవి ఇవి:

విటమిన్ డి: 11 (మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో)
ఫాస్టింగ్ షుగర్: 96
ఫాస్టింగ్ ఇన్సులిన్: 18
హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్): 5.8
ట్రైగ్లిజరైడ్స్: 190, హెచ్‌డీఎల్: 38
హిమోగ్లోబిన్: 10.4
టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు): 0.3 (ఇదివరకు ఎప్పుడు చూసినా 2 దగ్గర ఉండేది)

వారానికొకటి చొప్పున 60 వేల యూనిట్ల డి ఎనిమిది వారాలు వేసుకోమన్నారు. బరువు తగ్గమన్నారు. థైరాయిడ్ మళ్లీ చూద్దామన్నారు. అంతే.

మా వదిన మాత్రం "నీ షుగర్, నీ పీరియడ్స్ అన్నిటికీ మూలం ఆ డి లేకపోవడమే, అది నిండితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి" అంటోంది. తనకి అలాగే సర్దుకున్నాయట. వీడియోల్లోనూ అదే మాట, పైగా డి 60 దాటించాలట. డి పెరిగితే నిజంగా ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినకపోవడం) తగ్గుతుందా? ఎంతకి చేర్చాలి? మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) గురించి నేనే అడగాలా? "డాక్టర్‌ని అడగండి" అన్న ఒక్క ముక్కతో వదిలెయ్యకండి. అడుగుతాను, కానీ ఏం అడగాలో తెలియాలి కదా.

గాలిపటం:

నాదీ పీసీఓఎస్సే, కాకపోతే సన్నగా ఉంటాను, బీఎంఐ 21. డి తక్కువని నాకూ ఇదే డోసు ఇచ్చారు. ఒళ్లు నొప్పులు పోయాయి, అది మాత్రం నిజం. పీరియడ్స్ ఎప్పట్లాగే వాటిష్టం. వదిన గారికి అలా కలిసొచ్చిందేమో.

పరీక్షనాళిక:

నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్‌ని కాదు, కానీ ఇలాంటి రిపోర్టులు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. నాకూ పీసీఓఎస్ ఉంది కాబట్టి ఈ డి గొడవ కాస్త శ్రద్ధగానే చదివాను. పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. 11 అంటే తక్కువే, ఎవరి లెక్క ప్రకారం చూసినా తక్కువే. డి బాగా తగ్గితే తొడల్లో, నడుములో నొప్పి, కింద నుంచి లేవలేకపోవడం తెలిసిన సంగతులే. కాబట్టి డాక్టర్ గారు ఇచ్చినది వేసుకోండి. ఎముకల కోసం, కండరాల కోసం వేసుకోండి. షుగర్ కోసం అనుకుని మాత్రం వేసుకోకండి. నేను చెప్పేదంతా ఈ తేడా గురించే. ఎందుకంటే "డి నిండాక చూద్దాం" అనుకుని షుగర్ సంగతి ఏళ్ల తరబడి పక్కన పెట్టేసేవాళ్లని చాలామందిని చూశాను.

పీసీఓఎస్ ఉన్నవాళ్లలో డి తక్కువ ఉండటం మామూలే. డి తక్కువ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎక్కువ ఉండటమూ మామూలే. అయితే ఏది దేనికి కారణం? డి కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే అదే డి ఎక్కువ చోటికి పంచుకుపోతుంది, ఒకే రంగు చుక్క గ్లాసులో వేసినదానికీ బకెట్‌లో వేసినదానికీ ఉన్న తేడాలాగా. రక్తంలో కొలిస్తే తక్కువ కనిపిస్తుంది. 2013లో జన్యువుల ఆధారంగా ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. బరువు పెంచే జన్యువులు ఉన్నవాళ్లలో డి తక్కువగా ఉంది. డి తగ్గించే జన్యువులు ఉన్నవాళ్లలో మాత్రం బరువు పెరగలేదు. అంటే బాణం ఎక్కువగా బరువు వైపు నుంచి డి వైపుకే ఉంది. బరువూ ఇన్సులినూ ఎలాగూ కలిసి నడుస్తాయి కాబట్టి మధ్యలో డి నేరస్తుడిలా కనిపిస్తుంది. లావుగా ఉన్నవాళ్లకి డి డోసు రెండు మూడు రెట్లు అవసరం కావచ్చని చెప్పడానికి కారణం కూడా ఇదే.

అలాగని డి కథ వట్టిదేమీ కాదు. ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ కణాల్లో, కండరాల్లో, అండాశయంలో డి పట్టుకునే రిసెప్టర్లు ఉన్నాయి. అందుకే పరిశోధకులకి ఆశ పుట్టింది. ఆశ పుట్టడం వేరు, మాత్ర ఇచ్చి చూస్తే ఫలితం రావడం వేరు. దీన్ని గట్టిగా పరీక్షించిన అధ్యయనం 2019లో వచ్చిన డీ2డీ. షుగర్ అంచున ఉన్న 2,423 మందిని తీసుకుని, సగం మందికి రోజుకి 4,000 యూనిట్ల డి, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు రెండున్నరేళ్లు చూశారు. ఏడాదికి నూటికి 9.4 మందికి షుగర్ వ్యాధి వచ్చింది డి వేసుకున్నవాళ్లలో, 10.7 మందికి వచ్చింది వేసుకోనివాళ్లలో. తేడా ఉంది, కానీ అది డి వల్లేనని గట్టిగా చెప్పలేనంత చిన్నది. తర్వాత ఇలాంటి మూడు అధ్యయనాలని కలిపి లెక్కేస్తే ముప్పు 15 శాతం తగ్గినట్టు తేలింది. దాని ఆధారంగానే 2024లో ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం), షుగర్ అంచున బాగా ముందుకెళ్లినవాళ్లకి ఆహారం, వ్యాయామంతో పాటు డి కూడా ఇవ్వచ్చని సూచించింది. "పాటు" అన్నది గమనించండి.

దీన్ని 2002 నాటి డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ పక్కన పెట్టి చూడండి. అక్కడా షుగర్ అంచున ఉన్నవాళ్లే. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లలో ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో 31 శాతం. మీ శక్తి, మీ టెన్షన్ ఎటు ఖర్చుపెట్టాలో ఈ అంకెలే చెబుతాయి.

పీసీఓఎస్ ఆడవాళ్ల మీదే చేసిన డి అధ్యయనాలూ చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం చిన్నవి, కొద్ది వారాలో కొద్ది నెలలో నడిచినవి. ఒక్కోదానిలో ఒక్కో డోసు, కొన్నింట్లో డి తో పాటు క్యాల్షియమో ఇంకోటో కలిపి ఇచ్చారు. కొన్నింట్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్ కాస్త తగ్గింది, కొన్నింట్లో ఏమీ మారలేదు. నా అభిప్రాయం అడిగితే, డి బాగా తక్కువున్నవాళ్లకి కొద్దిగా మేలు జరిగే అవకాశం ఉంది. పీరియడ్స్ సరిచేసే మందు మాత్రం కాదు.

ఇక మీ రిపోర్టు. మీ ఫాస్టింగ్ షుగర్‌ని ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ని అంచనా వేసే హోమా ఐఆర్ అనే అంకె వస్తుంది: 96 ఇంటూ 18, బై 405, అంటే సుమారు 4.3. ఎక్కువే. కానీ ఈ అంకె కోసం మళ్లీ మళ్లీ డబ్బు ఖర్చుపెట్టకండి. ఇన్సులిన్ కొలతలు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా వస్తాయి. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా దీన్ని రొటీన్‌గా చేయించమని చెప్పవు. మెడ వెనక నలుపు ఆ సంగతి ముందే చెప్పేసింది.

అవే మార్గదర్శకాలు చేయించమనేది 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే టాలరెన్స్ టెస్ట్. బీఎంఐ ఎంతున్నా సరే, పీసీఓఎస్ అని తేలినప్పుడు ఒకసారి, తర్వాత ముప్పుని బట్టి ఏడాది నుంచి మూడేళ్లకోసారి. గాలిపటం గారూ, ఇది మీకూ వర్తిస్తుంది. పీసీఓఎస్‌లో ఫాస్టింగ్ బాగానే ఉండి రెండు గంటల షుగర్ పెరిగిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. రెండు గంటలకి 140 నుంచి 199 వస్తే అంచు, 200, ఆపైన వస్తే షుగర్ వ్యాధి కిందకి వస్తుంది. దాన్ని ఇంకో టెస్టుతో నిర్ధారించుకుంటారు.

హెచ్‌బీఏ1సీ 5.8 చూసి అంచున ఉన్నాననుకోవడానికి మీ విషయంలో ఒక అడ్డంకి ఉంది. హిమోగ్లోబిన్ 10.4, బ్లీడింగ్ ఎక్కువ అంటున్నారు. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్టు చేయించారా? అది తెలియకుండా 5.8ని నేనైతే పూర్తిగా నమ్మను. టాలరెన్స్ టెస్ట్ అడగడానికి ఇది ఇంకో కారణం.

ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయి, హెచ్‌డీఎల్ 50 కంటే తక్కువ. మెటబాలిక్ సిండ్రోమ్ (షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే లక్షణాల గుంపు) అనడానికి చూసే ఐదింటిలో రెండు ఇక్కడే అయిపోయాయి. మిగతావి నడుము చుట్టుకొలత, బీపీ, ఫాస్టింగ్ షుగర్. షుగర్ 100 లోపే ఉంది. నడుమూ బీపీ మీరు రాయలేదు, డాక్టర్ గారు చూసి ఉంటే కనుక్కోండి.

చివరగా ఆ టీఎస్‌హెచ్ 0.3 నాకు వేరే అనుమానం కలిగిస్తోంది. జుట్టు రాలుతోందని ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?

వదినలపక్షం:

పరీక్షనాళిక గారూ, మీరు చెప్పింది బాగానే ఉంది కానీ నాకు నిజంగానే పనిచేసింది. డి 9 నుంచి 38కి వచ్చాక పీరియడ్స్ నెల నెలా వస్తున్నాయి. అధ్యయనాల్లో సగటులు చూస్తారు. ఆ సగటులో నాలాంటివాళ్లు కనబడకుండా పోతారు కదా?

పరీక్షనాళిక:

న్యాయమైన ప్రశ్న. ఆ నెలల్లో డి ఒక్కటే మారిందా, ఇంకేమైనా మారాయా? నొప్పులు తగ్గితే మనిషి ఎక్కువ తిరుగుతుంది, నిద్ర పడుతుంది. బరువు కొద్దిగా తగ్గినా ఇన్సులిన్ దిగుతుంది. ఇన్సులిన్ దిగితే రెండు పనులు జరుగుతాయి. అండాశయంలో ఆండ్రోజెన్ల (టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్ల) తయారీని ఎగదోసే చెయ్యి ఒకటి తగ్గుతుంది. లివర్ నుంచి ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ ఎక్కువ వచ్చి, తిరుగాడే టెస్టోస్టెరాన్‌ని పట్టుకుంటుంది. అప్పుడు అండం విడుదలై పీరియడ్స్ దారికొస్తాయి. పైగా బరువు తగ్గితే డి దానంతటదే కొంచెం పెరుగుతుంది కూడా. మీకు డి మేలు చెయ్యలేదని నేననను. అది నేరుగా చేసిందా, మిమ్మల్ని కదిలించి చేసిందా అన్నది ఒక్క మనిషిని చూసి చెప్పలేం.

ఇంకోమాట. ఏ దారిలోనైనా ఇన్సులిన్ మెరుగుపడితే అండం విడుదల మళ్లీ మొదలవ్వచ్చు, ఒక్కోసారి పీరియడ్ రాకముందే. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్లు "నాకెలాగూ రావు" అనే ధీమాతో ఉండకండి. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టేవాళ్లకీ ఇదే జాగ్రత్త.

తెల్లకాగితం:

అవును, జుట్టుకి మాత్రలు వేసుకుంటున్నాను! డబ్బా మీద బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు అని ఉంది. దానికీ థైరాయిడ్‌కీ ఏం సంబంధం? ఇంకా మీరు డి ఎంతకి చేర్చాలో చెప్పలేదు.

పరీక్షనాళిక:

థైరాయిడ్‌కి సంబంధం లేదు, మా మెషీన్లకి ఉంది. చాలా హార్మోన్ టెస్టుల్లో రసాయనాలని కట్టి ఉంచడానికి ఈ బయోటిన్ అనే బీ విటమిన్‌నే వాడతారు. మనిషికి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. మీరు 10,000 మింగుతున్నారు. అది రక్తంలో ఉండిపోయి లెక్క చెడగొడుతుంది. టెస్టు తయారైన తీరుని బట్టి కొన్ని ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ. టీఎస్‌హెచ్, ఇన్సులిన్ లాంటివి తక్కువ చూపిస్తాయి, డి, టెస్టోస్టెరాన్ లాంటివి ఎక్కువ చూపిస్తాయి. అంటే మీ 0.3 ఉత్తిది కావచ్చు, మీ 18 నిజానికి ఇంకా ఎక్కువ కావచ్చు, ఆ 11 ఇంకా తక్కువ కావచ్చు. అన్ని మెషీన్లలో ఇలా జరగదు. దీని మీద అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది, అయినా రక్తం తీసేచోట ఎవరూ అడగరు. మళ్లీ టెస్టుకి వెళ్లేముందు కనీసం రెండు మూడు రోజులు ఆ మాత్ర ఆపండి, ఆపానని అక్కడ చెప్పండి. థైరాయిడ్ మందు ఏదైనా మొదలుపెట్టేముందు ఇది తప్పకుండా తేలాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. ఈస్ట్రోజెన్ ఉన్నవి డి అంకెని కొంచెం పెంచి చూపిస్తాయి.

డి ఎంత ఉండాలంటారా? 2011లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 చాలంది. అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 కావాలంది, 2024లో ఆ 30 లక్ష్యాన్ని వదులుకుంది. వీళ్లెవరూ 60 అనలేదు. పైగా ఈ అంకెల్లో ఒక తిరకాసు ఉంది. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి. నానోగ్రాముల అంకెని రెండున్నరతో గుణిస్తే నానోమోల్స్. మీ 11 అక్కడ 27 అవుతుంది. వాళ్ల 50 అంటే మన 20. వీడియోలో అంకె వినగానే ఏ కొలతలో చెబుతున్నారో చూడండి.

నేనైతే 20 దాటించి, 30 దగ్గర స్థిరంగా ఉంటే వదిలేస్తాను. డి టెస్టు మాత్రం మళ్లీ మూడు నెలల లోపు వద్దు. రక్తంలో డి సగానికి తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది, కొత్త డోసుకి కుదురుకోవడానికి టైమ్ కావాలి.

మెట్‌ఫార్మిన్ అడగండి. బీఎంఐ 25 దాటిన పీసీఓఎస్ ఆడవాళ్లలో షుగర్, కొలెస్ట్రాల్, బరువు కోసం దాన్ని పరిగణించమని 2023 మార్గదర్శకాలే చెబుతున్నాయి. మొదట్లో కడుపు గడబిడ చేస్తుంది, తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుతారు. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు, అప్పుడప్పుడు చూపించుకోవాలి.

మాత్రలచీటీ:

ఫార్మసిస్ట్‌ని. డోసు గురించి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే కౌంటర్ దగ్గర ఈ పొరపాటు చాలా చూస్తాను. 60 వేలు వారానికొకటి. రోజుకొకటి కాదు. వారానికొకటి అంటే రోజుకి సుమారు 8,600 యూనిట్లు పడినట్టు. కొద్ది వారాలకి, డాక్టర్ చూస్తుండగా, అది సరే. రోజూ 60 వేలు వేసుకుంటూ పోతే క్యాల్షియం పెరిగిపోతుంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు వచ్చి చివరికి కిడ్నీల దాకా వెళ్తుంది. కొవ్వులో నిలవుండే విటమిన్ కాబట్టి ఆపగానే దిగదు కూడా. ఎనిమిది వారాలయ్యాక తర్వాతి డోసు అడిగి తెలుసుకోండి, అదే చీటీ పట్టుకొచ్చి మళ్లీ మళ్లీ కొనకండి. సొంతంగా వేసుకునేవాళ్లకి పెద్దల గరిష్ఠ పరిమితి రోజుకి 4,000 యూనిట్లు. ఎక్కువిస్తే ఎక్కువ మేలని కూడా కాదు. 70 దాటిన ఆడవాళ్లకి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయని 2010లో ఒక అధ్యయనం వచ్చింది.

మీ జుట్టు మాత్రల డబ్బా తిప్పి చూడండి, అందులోనూ డి ఉండి ఉండవచ్చు. పీసీఓఎస్ కోసమని అమ్మే పౌడర్లలోనూ కలుపుతారు. అన్నీ కూడుకుని లెక్కేసుకోవాలి.

తెల్లకాగితం:

చూశాను, ఉంది! 1,000 యూనిట్లు. అందరికీ థ్యాంక్స్. టాలరెన్స్ టెస్ట్, ఫెరిటిన్, బయోటిన్ ఆపాక థైరాయిడ్, మెట్‌ఫార్మిన్ అని నాలుగు ముక్కలు ఫోన్లో రాసుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని పనిచేస్తాను కదా, ఎండ తగులుతూనే ఉంటుంది, మరి డి ఎందుకు తగ్గిందో అర్థం కాలేదు. ఐరన్ మాత్రలు కూడా ఇస్తే డి తో కలిపి వేసుకోవచ్చా?

పరీక్షనాళిక:

అద్దం వెలుతురుని రానిస్తుంది కానీ చర్మంలో డి తయారుచేసే యూవీబీ కిరణాలని ఆపేస్తుంది. కిటికీ వెనక ఎంతసేపు కూర్చున్నా డి రాదు.

మాత్రలచీటీ:

డి భోజనంతో వేసుకోండి, కొవ్వు ఉంటేనే బాగా ఒంటబడుతుంది. ఐరన్‌తో దానికి గొడవ లేదు. గొడవల్లా క్యాల్షియంతో. డి మాత్రల్లో చాలావాటిలో క్యాల్షియం కలిపి ఉంటుంది, అది ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి. ఇది చదివేవాళ్లలో ఎవరైనా థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) వాడుతుంటే దానికీ ఐరన్‌కీ, దానికీ క్యాల్షియంకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి.